పంగోట్‌లో మూడు రాత్రులు, ఒక చీర్ ఫెజంట్

ఉత్తరాఖండ్‌లోని నైనితాల్ వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది సరస్సులో పడవెక్కి, మాల్ రోడ్డులో స్వెటర్ కొనుక్కుని వచ్చేస్తారు. అక్కణ్ణుంచి 15 కిలోమీటర్లు పైకెళ్తే పంగోట్ అని చిన్న ఊరుంది. నాలుగు కొట్లు, ఒక టీ బడ్డీ, చుట్టూ ఓక్ అడవి, అంతే. మార్చి చివర్లో నేనూ, మా బావమరిదీ పక్షుల కోసం మూడు రాత్రులు అక్కడున్నాం, ఇంకో రాత్రి అక్కడికి దగ్గర్లోని సరస్సుల ఊరు సాత్‌తాల్‌లో. ఢిల్లీ నుంచి రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్‌లో కాఠ్‌గోదామ్, అక్కణ్ణుంచి టాక్సీ.

ముందు బస సంగతి. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి బుక్ చేసిన మొదటి చోట కిటికీ తీస్తే లోయ కాదు, పక్కింటి గోడ. కరెంటు లేదు, అది లేకపోతే గీజర్ లేదు, అడిగితే ‘అభీ ఆయేగీ’ (ఇప్పుడే వస్తుంది) అని రాత్రంతా అదే మాట. పొద్దున్నే సామాను సర్దుకుని కొంచెం పైనున్న ఒక ఇంటికి మారిపోయాం. గది చిన్నదే, కానీ ఇంటి పెద్దావిడ బకెట్‌లో వేడినీళ్ళు పెట్టి, రాత్రి అన్నంలోకి గహత్ పప్పు వడ్డించింది. నోట్లో పెట్టుకోగానే మా వాడు ‘బావా, ఇవి మన ఉలవలే కదా’ అన్నాడు. నిజమే, ఉలవచారు తాగి పెరిగినవాళ్ళం ఇంత దూరమొచ్చి ఉలవలే తిన్నాం.

డబ్బు ఆదా చేయాలంటే గది మీద చేయండి, గైడ్ మీద మాత్రం వద్దు. మొదటి రోజు మా అంతట మేమే కిల్‌బరీ రోడ్డు వెంట నడిచాం. బురాంశ్ (రోడోడెండ్రాన్) చెట్లు ఎర్రగా విరగబూశాయి, వాటి మీద సిబియా అనే పిట్టలు, కొమ్మల్లో వడ్రంగి పిట్టలు బాగానే కనిపించాయి కానీ, మేమొచ్చింది దేనికోసమో ఆ ఫెజంట్, అంటే అడవికోడి జాతి పక్షి, ఒక్కటీ లేదు. రెండో రోజు ఊరి కుర్రాణ్ణి వెంటబెట్టుకుని, ఇంకా చీకటుండగానే జీపులో వినాయక్ అనే చోటు వైపు వెళ్ళాం. చీర్ ఫెజంట్ అడవి లోపల ఉండదు, రాళ్ళూ గడ్డీ ఉన్న నిట్టనిలువు వాలుల్లో ఉంటుంది, తెల్లవారుతుండగా అరుస్తుంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే అరగంట కూర్చున్నాం. కింద ఎక్కడో అరుపు, కాసేపటికి గడ్డి కదిలింది, మొదట జుట్టున్న తల, కంటి చుట్టూ ఎర్రటి చర్మం, ఆ తర్వాత ఎంతకీ అవ్వని చారల తోక. మా వాడు కెమెరా ఆన్ చేయడం మర్చిపోయాడు. పోనీలే.

హిమాలయన్ క్వెయిల్ ఎప్పుడైనా చూశావా అని గైడ్‌ని సరదాగా అడిగితే నవ్వేశాడు. నైనితాల్ కొండల్లోనే 1876లో చివరిసారి కనిపించిన పిట్ట అది, దాని కోసం ఇప్పటికీ వెతికేవాళ్ళున్నారు.

సాత్‌తాల్ వేరే రకం. బాగా కిందికి, వెచ్చగా ఉంటుంది. ‘స్టూడియో’ అనే నీటి మడుగు దగ్గర కదలకుండా కూర్చుంటే పిట్టలే దిగొస్తాయి. ఫొటోలే కావాలంటే అక్కడికే వెళ్ళండి, పెద్దవాళ్ళతో వెళ్ళినా అదే సుఖం. నాకు మాత్రం పెద్ద పెద్ద లెన్సుల మధ్య టకటకమనే చప్పుళ్ళలో కూర్చోవడం పెళ్ళి మండపంలో కూర్చున్నట్టే ఉంది. ఈసారి ఆ రాత్రి కూడా పంగోట్‌కే ఇస్తాను.

కొన్న బురాంశ్ రసం సీసా తిరుగు రైల్లో కారిపోయింది, బైనాక్యులర్ పట్టీ ఇంకా గులాబీ రంగులోనే ఉంది.