"డబ్బుల్లేవు" అనడమా, లెక్క చెప్పేయడమా?

పొదుపుగా బతికే ఇంట్లో పిల్లలు ఏదైనా కొనమంటే పెద్దోళ్ళు చెప్పే మాటలు రెండే, ఒకటి "మన దగ్గర డబ్బుల్లేవు", రెండోది "ఉన్నాయి కానీ దీనికి పెట్టం". మొదటిది ఈజీ, గొడవ అక్కడితో ఆగిపోద్ది. కానీ పిల్లల బుర్ర ఊరుకోదు కదా, అన్నయ్య చొక్కా తమ్ముడికొచ్చిందంటే మనం పేదోళ్ళం, పక్కింటోళ్ళు కొత్త కారు తెచ్చారంటే వాళ్ళు కోటీశ్వరులు అని ఫిక్స్ అయిపోతారు, ఆ కారు లోను మీద వచ్చి ఉండొచ్చని, తమ ఇంట్లో అసలు అప్పే లేదని వాళ్ళకెలా తెలుస్తుంది? ఏటీఎం అంటే అడిగినన్ని డబ్బులిచ్చే మిషన్ అనుకునే వయసది. ఇంకొంతమందైతే స్కూల్ టూర్ కాగితం ఇంట్లో చూపించకుండా మడతపెట్టి బ్యాగ్ అడుగున దాచేస్తారు, అడిగితే అమ్మానాన్న ఇబ్బంది పడతారని. పాపం, బ్యాంకులో డబ్బులు ఉండగానే.

రెండోదాంట్లో తలనొప్పి ఎక్కువే, "ఉంటే ఎందుకు కొనరు" అని లాయర్లా వాదిస్తారు, ఇంటి లెక్కలు బయట వాగేస్తారన్న భయం కూడా (జీతం ఎంతో చెప్పక్కర్లేదు లెండి). కాకపోతే భాగహారం వచ్చిన పిల్లాడికి చెప్పడానికి మంచి సరుకుంది, 72ని వడ్డీ రేటుతో భాగించమనండి, 6 శాతం చక్రవడ్డీ అయితే సుమారు 12 ఏళ్ళకి దాచిన డబ్బు డబుల్, తీర్చకుండా వదిలేస్తే అప్పు మీద కూడా అదే లెక్క నడుస్తుంది.

నా ఓటు రెండోదానికే. నిజంగా చేతిలో ఏమీ లేని నెల మాత్రం "లేవు" అనే చెప్పాలి, సర్దిచెప్పే కబుర్లు వద్దు.