పోకెమాన్ కార్డులు కొనేవారికి హెచ్చరిక: ‘టోర్నమెంట్ లీగల్’ చీటీని చూసి డబ్బు కట్టవద్దు

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల్లో పిల్లలకు పోకెమాన్ కార్డులు కొనిపెడుతున్న తల్లిదండ్రులూ, చెన్నైలో జరిగే పోటీలకు డెక్‌లు (ఆడేందుకు ఎంచుకున్న కార్డుల కట్టలు) సిద్ధం చేసుకుంటున్న విద్యార్థులూ దయచేసి దీనిని పూర్తిగా చదవండి. కార్డు అసలైనదే కావచ్చు, గీత కూడా పడకుండా కొత్తగా ఉండవచ్చు, అయినా పోటీలో చెల్లకపోవచ్చు. ఈ సంగతి తెలిసి కూడా దాచిపెట్టి మా అక్క కొడుకుకు కార్డులు అంటగట్టారు.

వాడు 2025 వేసవి సెలవుల్లో, పండగలకు పెద్దవాళ్లిచ్చిన డబ్బు దాచుకుని, నెల్లూరులోని ఒక దుకాణంలో విడి కార్డులు కొన్నాడు. ఒక్కొక్క కార్డునూ ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, ధరతోపాటు ‘టోర్నమెంట్ లీగల్’ (అంటే పోటీలో చెల్లుతుంది) అని అచ్చువేసిన చీటీని తొడుగు మీద కింది ఎడమ మూలన అంటించారు. చూడవలసిన గుర్తు సరిగ్గా ఆ మూలలోనే ఉంటుంది. కార్డు ఏ సెట్‌లో (ఒకేసారి విడుదలైన కార్డుల సముదాయంలో) వచ్చిందో చెప్పే గుర్తు, కార్డు సంఖ్య ఉండే చోట చిన్న తెల్లని గడిలో ఒక ఇంగ్లీషు అక్షరం కనిపిస్తుంది. దానిని రెగ్యులేషన్ మార్క్ అంటారు. చెన్నైలో ఆట మొదలయ్యే ముందు డెక్ పరిశీలించిన జడ్జి ‘ఎఫ్’ అక్షరమున్న కార్డులన్నింటినీ తీసి పక్కన పెట్టించారు. అరవై కార్డుల డెక్‌లో ముఖ్యమైనవి పోయాక పిల్లవాడు ఏం ఆడతాడు?

ఈ అక్షరాల పద్ధతి 2020లో స్వోర్డ్ అండ్ షీల్డ్ అనే సిరీస్ కార్డులతో ‘డి’ నుంచి మొదలైంది. కొత్త అక్షరం వస్తుండగా పాత అక్షరం స్టాండర్డ్ పోటీల (ఇటీవలి కార్డులను మాత్రమే అనుమతించే పోటీల) నుంచి తొలగిపోతుంది. 2024 ఏప్రిల్ 5న ‘ఇ’, 2025 ఏప్రిల్ 11న ‘ఎఫ్’ తొలగిపోయాయి, ‘జి’, ‘హెచ్’, ‘ఐ’ మిగిలాయి. అంటే 2025 మార్చిలో నిక్షేపంగా ఆడుకున్న కార్డే మే నెలలో పనికిరాకుండా పోయింది. మందుల పట్టీ మీద గడువు తేదీని ధర చీటీతో మూసి అమ్మడం ఎంత తప్పో, ఆ అక్షరం మీద చీటీ అంటించి అమ్మడం కూడా అంతే తప్పని నేను భావిస్తున్నాను.

అడగడానికి వెళ్లినప్పుడు దుకాణదారు చెప్పిన సమాధానం అందరూ తెలుసుకోవాలి. ఎక్స్‌పాండెడ్ అనే మరో రకం పోటీల్లో ఆ కార్డులు చెల్లుతాయి కాబట్టి చీటీలో అబద్ధం లేదని ఆయన వాదించారు. 2011 నాటి బ్లాక్ అండ్ వైట్ సెట్ మొదలుకొని, నిషేధించిన కొన్ని తప్ప మిగిలిన కార్డులను ఆ పోటీల్లో అనుమతించే మాట నిజమే. కానీ స్టాండర్డ్ పోటీ కోసమే కొంటున్నామని మేము ముందే చెప్పాము. అందువల్ల ‘లీగల్’ అని ఎవరైనా అంటే, ఏ ఫార్మాట్‌లో (ఏ రకం పోటీలో), ఏ తేదీ వరకు అని అడిగి, ఆ మాటను బిల్లు మీద రాయించుకోండి.

అదే దుకాణంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ డెక్‌ల కార్డులు కూడా వెనుకవైపు నల్లగా ఉండే తొడుగుల్లో కలిపి పెట్టి ఉన్నాయి. ఆ పోటీలలో రాణించిన ఆటగాళ్ల డెక్‌లను జ్ఞాపికలుగా అచ్చువేసి అమ్ముతారు. వాటి ముఖం మీద ఆటగాడి సంతకం అచ్చువేసి ఉంటుంది, వెనుక బొమ్మ మామూలు కార్డు బొమ్మకు భిన్నంగా ఉంటుంది. అధికారిక పోటీల్లో వీటిని ఏ ఫార్మాట్‌లోనూ అనుమతించరు. తొడుగులోంచి కార్డు తీసి వెనుక చూపించడానికి ఒప్పుకోని చోట కొనవద్దు.

అక్షరం పాతదైనంత మాత్రాన ప్రతి కార్డునూ పారేయనక్కరలేదు. బేసిక్ ఎనర్జీ కార్డులకు ఈ అక్షరంతో నిమిత్తం లేదు. అల్ట్రా బాల్ కార్డు 2022లో ‘ఎఫ్’ గుర్తుతో వచ్చి, 2023లో ‘జి’ గుర్తుతో మళ్లీ అచ్చయింది కాబట్టి, ‘జి’ చెల్లినన్నాళ్లూ పాత ప్రతిని కూడా ఆడనిచ్చారు. అయితే పేరు ఒక్కటే కలిస్తే సరిపోదు, కార్డు చేసే పని కూడా ఒకటే కావాలి. 2014లో వచ్చిన ఛారిజార్డ్ ఇఎక్స్ పేరులో చివరి రెండు ఇంగ్లీషు అక్షరాలు పెద్దవి (EX), 2023లో వచ్చినదానిలో చిన్నవి (ex). రెండూ వేర్వేరు కార్డులు. పాతదానిని కొత్తదని చెప్పి అమ్మితే పిల్లలు తేలికగా మోసపోతారు.

దుకాణదారు డబ్బు తిరిగి ఇవ్వలేదు. బిల్లునూ, చీటీలతో సహా తొడుగుల ఫొటోలనూ జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి సిద్ధమవుతున్నాము. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ రుసుము లేదు. ముందుగా సలహా కావాలనుకునేవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫోన్ చేయవచ్చు. ఇలాంటి చీటీలున్న తొడుగులు మీ ఇంట్లో ఉంటే మాత్రం వాటిని చించవద్దు, అంటించిన చోటు కనిపించేలా ముందు ఫొటో తీసి పెట్టుకోండి.