కయాక్ అడుగున రంధ్రాలు: మంగమారిపేట తీరంలో వాడి చూశాక

పైన కూర్చుని తెడ్డుతో నడిపే చిన్న ప్లాస్టిక్ పడవ, అంటే కయాక్ గురించి ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పేది దాని సీటు కింద ఉండే రంధ్రాల గురించే. పొడవు, బరువు, రంగు వంటి వివరాలు అమ్మేవారే చెబుతారు. ఈ రంధ్రాల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. కొన్నేళ్లుగా విశాఖపట్నం దగ్గరి భీమిలి, మంగమారిపేట, రుషికొండ తీరాల్లో ఈ పడవను వాడుతున్న నాకు ఎక్కువ సంతోషం కలిగించినవీ, అంతకు మించి కోపం తెప్పించినవీ అవే.

మన తీరంలో అల ఒడ్డుకు బాగా దగ్గరగా వచ్చి ఒక్కసారిగా విరుగుతుంది. దాన్ని దాటేటప్పుడు ఒడి నిండా నీళ్లు పడతాయి. లోపల కూర్చునే రకం కయాక్‌లో అయితే ఆ నీళ్లు తోడుకుంటూ ఉండాలి. ఇందులో పైభాగం నుంచి అడుగు దాకా గొట్టాల్లా దిగిన రంధ్రాలున్నాయి కనుక, నాలుగు తెడ్లు వేసేలోగా నీరంతా దానంతటదే సముద్రంలోకి జారిపోతుంది. అల దాటాక ఇక చేయవలసిన పనేమీ ఉండదు, చూడడం తప్ప.

నేను పడవ కొన్నదీ చూడడానికే. జనవరి నుంచి మార్చి వరకు తెల్లవారుజామున గాలి ఒడ్డు వైపు నుంచి సన్నగా వీస్తుంది, నీరు నిలకడగా ఉంటుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చేదీ ఆ నెలల్లోనే. తెడ్డు ఒడిలో పెట్టుకుని కదలకుండా కూర్చుంటే, ముందు గుప్పెడంత తల పైకి వస్తుంది, తరువాత ఊపిరి వదిలిన చప్పుడు వినిపిస్తుంది. ఒకసారి ఒక తాబేలు తెడ్డు అందేంత దగ్గరలో తేలింది. ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు డిప్ప మీద అంటుకున్న తెల్లని గవ్వపురుగుల (బార్నకిల్స్) గుంపు నాకు స్పష్టంగా కనిపించింది. ఇంజిను పడవలో వెళ్లి ఉంటే ఆ దృశ్యం దక్కేది కాదు. డాల్ఫిన్లు కూడా అప్పుడప్పుడు కనిపిస్తాయి కానీ, వాటి వెంట పడకుండా మన చోటున మనం ఉండడమే న్యాయం. అవి రావాలనుకుంటే వస్తాయి.

ఇక కోపం సంగతి. రెండో ఏడాది ఒక ఉదయం, తొట్లకొండ ఎదురుగా ఆగి ఉన్నప్పుడు, నేను కదలకపోయినా, నీరు చేరకూడని పడవ బోలు లోపలి నుంచి గలగలమని శబ్దం వినిపించింది. దగ్గరలో తేలిన తాబేలు వెంటనే మునిగిపోయింది. కొంచెం ఎడమకు ఒరిగితే, లోపలి నీరంతా ఎడమకే పరుగెత్తి పడవను ఇంకా ఒరగదోసింది. ఒళ్లు జలదరించింది. వలలు ఎత్తుకుని వస్తున్న ఫైబర్ పడవలోంచి ఒక పెద్దాయన చూసి, "బాబూ, లోపల నీరున్నాది, తిన్నగా ఒడ్డుకెళ్లిపో" అని అరిచాడు. ఆయన పడవ నా పక్కనే నెమ్మదిగా నడిచి, అల విరిగే చోటు దాకా తోడు వచ్చింది. ఆ మేలు మరువలేనిది.

ఒడ్డున, పడవ వెనక కొసన లోపలి నీరు వదలడానికి ఉన్న బిరడా తీస్తే నీరు ఎంతసేపటికీ ఆగలేదు. తరువాత పడవను రెండు పాత టైర్ల మీద ఎత్తిపెట్టి, సామాను పెట్టే మూత తెరిచి లోపలికే నీరు పోశాను. సీటు కింద రంధ్రం గొట్టం చుట్టూ వెంట్రుకంత పగులు కనిపించింది. అక్కడి నుంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది. పడవ అమ్మినవాళ్లే దానితో పాటు అమ్మిన చక్రాల బండికి రెండు కడ్డీలుంటాయి. వాటిని ఈ రంధ్రాల్లోకి దూర్చి ఇసుకలో లాగాలి. అంటే పడవ బరువంతా, అచ్చు పోసేటప్పుడు ప్లాస్టిక్ సాగి పలచబడే ఆ గొట్టాల మీదే పడుతుంది. మెత్తని ఇసుకలో చక్రం దిగబడిన ప్రతిసారీ ఆ కడ్డీ గొట్టాన్ని మెలిపెడుతుంది. అమ్మినవారు మాత్రం వాడకంలో ఇది మామూలేనని చెప్పి వారంటీ లేదన్నారు. తమ బండినే తమ పడవకు వాడితే వచ్చిన పగులును మామూలనడం నాకు నేటికీ మింగుడు పడలేదు.

మరమ్మతు కూడా సులువుగా కాలేదు. ఫైబర్ పడవలకు పూసే రెజిన్ అనే జిగురు ఈ పడవ చేసిన పాలిథిలిన్ ప్లాస్టిక్‌కు పట్టదు. చివరకు మిద్దెల మీది ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులకు అతుకు వేసే ఒకతను, అదే జాతి ప్లాస్టిక్ కడ్డీని వేడి చేసి పగులులో కరిగించి పూడ్చాడు. ఇప్పటికి నిలిచింది. అయినా ప్రతిసారీ నీళ్లలోకి దిగే ముందు బిరడా తీసి చూస్తాను. పడవను పట్టీల మీద మోసే వేరే రకం బండి కొన్నాను.

కనుక మొదట్లో నేను అందరికీ చెప్పిన "కళ్లు మూసుకుని కొనండి" అన్న మాటను కొంత సవరించుకోవాలి. భీమిలి దగ్గర ఇల్లు ఉండి, తెల్లవారుజామున తీరిక ఉండే నాకు ఈ పడవ విలువైనదే. పొద్దెక్కాక గాలి సముద్రం వైపు నుంచి తిరిగి నీరు ఎగుడుదిగుడవుతుంది కనుక, ఆ వేళకు నేను ఒడ్డున ఉంటాను. వానకాలంలో అసలు దించను. సెలవులకు రెండు రోజులు వచ్చేవారు లైఫ్ జాకెట్ ఇచ్చి తోడు మనిషిని పంపే చోట అద్దెకు తీసుకోవడం మేలు. అప్పుడు కూడా, ఎక్కే ముందు పడవను ఒక కొస ఎత్తి ఊపి, లోపల నీరు కదులుతుందేమో వినండి.