ప్రహరీ గోడ మీది పాత జంక్షన్ బాక్సు స్థానంలో ఐపీ 66 బాక్సు: ఒక వర్షాకాలం తరువాత సమీక్ష

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలో ప్రహరీ గోడకు బిగించిన రేకు జంక్షన్ బాక్సులు ఎక్కువ కాలం నిలవవు. బోరు మోటారుకూ గేటు లైట్లకూ వెళ్లే వైర్లు కలిసే మా పాత బాక్సు అడుగుభాగం ఉప్పుగాలికి తుప్పు పట్టి రాలిపోయింది. దానితో గట్టి వాన పడినప్పుడల్లా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపే స్విచ్చి) ట్రిప్ కావడం మొదలైంది. మూత తీయించి చూస్తే లోపల చీమలు చేర్చిన మట్టి, జిగురుగా మారి జారిపోయిన ఇన్సులేషన్ టేపు, దాని కింద రాగి తీగకు పట్టిన పచ్చని చిలుము కనిపించాయి. ఆర్‌సీసీబీ తన పని తాను చేసింది కనుక సరిపోయింది. అది లేని ఇంట్లో తడిసిన గోడను చేత్తో తాకడమే ప్రమాదం.

కొత్తగా పెట్టించినది పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ బాక్సు. ఐపీ అనేది దుమ్మూ నీరూ చొరబడకుండా బాక్సు ఇచ్చే రక్షణను తెలిపే రేటింగు. ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఐపీ 66లోని మొదటి అంకె దుమ్ము లోపలికి చేరదని, రెండవ అంకె బలమైన నీటిధార ఏ దిక్కు నుంచి తగిలినా హాని కలగదని తెలుపుతాయి. ఆ పరీక్షలో 12.5 మిల్లీమీటర్ల నాజిల్‌తో నిమిషానికి 100 లీటర్ల నీటిని కొడతారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానును చూసిన ఊరికి వాన అడ్డంగా కూడా కొడుతుందని వేరే చెప్పనక్కరలేదు కనుక, పైన చిన్న చూరు కడితే చాలునన్న సలహాను నేను అంగీకరించలేదు. అయితే నీటిలో మునిగే చోటికి ఈ రేటింగు చాలదు. అక్కడ ఐపీ 67 గానీ అంతకు మించినది గానీ కావాలి.

తయారీలో నాకు బాగా నచ్చినవి రెండున్నాయి. మూత గాడిలోని గ్యాస్కెట్ (సందు మూసే మెత్తని పట్టీ) అతుకు లేకుండా ఒకే ముక్కగా ఉంది. గోడకు బిగించే మరల (స్క్రూల) రంధ్రాలు ఆ గ్యాస్కెట్‌కు వెలుపల ఉన్నాయి కనుక వాటి గుండా నీరు వైర్ల దగ్గరికి చేరే మార్గం లేదు. మూత మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి. వాటిని ఒక మూల తరువాత ఎదుటి మూల చొప్పున కొద్దికొద్దిగా బిగిస్తే గ్యాస్కెట్ అన్ని వైపులా సమంగా నొక్కుకుంటుంది.

అసలు లోపం కేబుల్ గ్లాండ్ల విషయంలో, అంటే కేబుల్ లోపలికి వెళ్లే రంధ్రంలో దాని చుట్టూ బిగుసుకునే రబ్బరు గల బిగింపుల విషయంలో ఉంది. పెట్టె మీద ఐపీ 66 అని పెద్దగా ముద్రించిన తయారీదారు లోపల ఒక్క గ్లాండు కూడా ఇవ్వలేదు. వైరు లోపలికి వెళ్లే రంధ్రం మూసుకోకపోతే ఆ రేటింగుకు అర్థం లేదు. మన ఇళ్లలో పైపు నుంచి బయటికి వచ్చిన ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ వైర్లను మూడింటినీ కలిపి ఒకే రంధ్రంలో దూర్చడం వాడుక. గ్లాండు బిగించినా విడి వైర్ల మధ్య సందును దానిలోని రబ్బరు మూయలేదు. అందువల్ల బాక్సులోకి వచ్చే భాగం వరకు గుండ్రటి మూడు కోర్ల కేబుల్ వేయించి, దాని లావుకు సరిపోయే గ్లాండ్లను విడిగా కొన్నాము. కేబుళ్లన్నీ అడుగు నుంచే లోపలికి వెళ్తాయి. జారే నీరు బాక్సును చేరకుండా కిందనే కారిపోయేలా ప్రతి కేబుల్‌నూ కొంచెం వంచి పెట్టారు. దుకాణంలో ఇచ్చిన పుల్లని వాసన గల సిలికాన్ రాగిని తినేస్తుంది కనుక దాన్ని వాడనివ్వలేదు.

పని చేసిన ఎలక్ట్రీషియన్‌ను మెచ్చుకోవాలి. మెయిన్ ఆపిన తరువాత కూడా గేటు లైటు వైరులో కరెంటు ఉంది. అది ఇన్వర్టరు లైను. ఆయన దాన్నీ ఆపించి, టెస్టర్‌తో సరిపెట్టుకోకుండా మల్టీమీటరుతో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య చూసిన తరువాతనే తీగను ముట్టుకున్నారు. చిలుము పట్టిన కొసలను కత్తిరించి, మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి ఒలిచి, టేపు చుట్టడానికి బదులు కనెక్టర్లలో బిగించారు. మీటరుకు ముందున్న సర్వీసు వైరు జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. అక్కడ పాడైతే విద్యుత్ సంస్థకు 1912 నంబరులో ఫిర్యాదు చేయాలి.

వర్షాకాలం ముగిశాక మూత తీయించి చూశాము. చీమలు లేవు, కనెక్టర్ల మీద చిలుము లేదు, ఆ కాలమంతా ఆర్‌సీసీబీ వాన వల్ల ట్రిప్ కాలేదు. మూత లోపలి వైపు మాత్రం సన్నని చెమ్మ కనిపించింది. పగటి ఎండకు వేడెక్కిన గాలి రాత్రి చల్లబడినప్పుడు గట్టిగా మూసిన పెట్టెలో ఇలా జరుగుతుంది. దీనికి అడుగున బిగించే బ్రీదర్ ప్లగ్ (లోపలి చెమ్మను బయటికి వదిలే బిరడా) దొరుకుతుంది, దాన్ని త్వరలో పెట్టిస్తాము. రేకు బాక్సుతో పోలిస్తే ధర రెట్టింపుకు పైనే అయినా సముద్రతీరపు ఇళ్లకు దీన్ని ధైర్యంగా సూచిస్తాను. కొనేటప్పుడు మాత్రం కనెక్టర్లు పట్టి, ప్రతి వైరుకూ కొంత అదనపు పొడవు మడిచి పెట్టుకునే చోటు ఉండేలా, అవసరమనుకున్న దానికంటే ఒక సైజు పెద్దది తీసుకోండి.