మస్టాంగ్ 5.0కు కొత్త హార్మోనిక్ బ్యాలన్సర్: రబ్బరుదా, సిలికాన్‌దా, ఏది మేలు?

అమెరికాలో ఉంటూ పాత ఫోర్డ్ మస్టాంగ్ కారు మీద మనసుపడ్డ మిత్రులు ఇంజన్ విప్పగానే పిస్టన్ల గురించి, కవాటాలను తెరిచే క్యామ్ షాఫ్ట్ గురించి అడుగుతారు. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్ షాఫ్ట్ ముందు కొసన ఉండే బ్యాలన్సర్ మాత్రం డబ్బంతా ఖర్చయ్యాక గుర్తుకొస్తుంది. ఈ వరస మారాలని నా గట్టి అభిప్రాయం.

ఇంధనం మండి పిస్టన్‌ను తన్నిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్ తడిబట్టను పిండినట్టు కొద్దిగా మెలి తిరిగి, మళ్లీ వెనక్కి విప్పుకుంటుంది. ఎనిమిది సిలిండర్లు వంతులవారీగా తంతుంటే, ఏదో ఒక వేగం దగ్గర ఆ తాపుల లయ షాఫ్ట్ సహజ కంపనంతో కలిసిపోతుంది. అక్కడ మెలిక ఒక్కసారిగా పెరుగుతుంది. బేరింగులు అరుగుతాయి, టైమింగ్ చైన్ దెబ్బ తింటుంది, చివరికి షాఫ్టే విరగవచ్చు. ఆ కంపనాన్ని వేడిగా మార్చి అణచడం బ్యాలన్సర్ పని.

రకాల జోలికి వెళ్లేముందు తేల్చుకోవలసింది తూకం అంకె. ఫాక్స్ బాడీ (1979–93) మస్టాంగ్‌లోని 5.0 లీటర్ల ఇంజన్, అంటే ఘనపు అంగుళాల్లో ఫోర్డ్ 302, బయటి తూకం మీద నడుస్తుంది. క్రాంక్‌లో తక్కువైన ఎదురు బరువును ముందు బ్యాలన్సర్‌లో, వెనుక కొసన తిరిగే ఫ్లైవీల్ చక్రంలో ఒకవైపుకు పెట్టి సరిచేస్తారు. 1980ల మొదటివరకు వచ్చిన 302లకు ఈ ఒకవైపు బరువు 28 ఔన్స్-అంగుళాలు (బరువును మధ్య నుంచి దూరంతో గుణించిన లెక్క). తర్వాత తేలికైన క్రాంక్ వచ్చాక 50 అయింది. రెండూ బయటికి ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి, ఒకే ఇంజన్‌కు ఎక్కుతాయి. 28 క్రాంక్‌కు 50 బ్యాలన్సర్ తగిలిస్తే ఎంత ఖరీదైనదైనా ఇంజన్‌ను వణికించి చంపుతుంది. పిస్టన్ కదిలే దూరాన్ని, అంటే స్ట్రోక్‌ను, 3 అంగుళాల నుంచి 3.4కు పెంచి 347 ఘనపు అంగుళాల ఇంజన్‌గా మార్చుకునేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. ఆ క్రాంక్ కిట్లు కొన్ని 28కి, కొన్ని పూర్తిగా లోపలి తూకానికి, అంటే ఎదురు బరువంతా క్రాంక్‌లోనే ఉండేలా, తయారవుతాయి. కిట్ అమ్మినవారి కాగితంలో అంకె చూసి, బ్యాలన్సర్, ఫ్లైవీల్ రెండింటినీ దానికే కొనాలి. ఎంచుకునే వీలుంటే నా ఓటు లోపలి తూకానికే. షాఫ్ట్ రెండు కొసల్లో ఒంటివైపు బరువు గిరగిరా తిరుగుతుంటే, వేగం పెరిగేకొద్దీ అది క్రాంక్‌ను వంచుతూనే ఉంటుంది.

ఇక రకాలు. ఫ్యాక్టరీ పద్ధతిది లోపల ఇనుప హబ్, బయట బరువైన రింగు, రెండింటి మధ్య అంటించిన రబ్బరు పట్టీ. చవక, తేలిక, నిశ్శబ్దం. కానీ ఆ రబ్బరును ఒక క్రాంక్‌కు, ఒక పిస్టన్ల బరువుకు, ఒక వేగ పరిధికి లెక్కగట్టి వేశారు. క్రాంక్ మార్చినా, పిస్టన్లు తేలిక చేసినా కంపనం స్థానం జరుగుతుంది, రబ్బరు మాత్రం పాత చోటనే కాపలా కాస్తుంది. పైగా వేడికీ నూనెకూ అది బీటలు వారుతుంది. అప్పుడు బయటి రింగు హబ్ మీద జారి, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సరిచూసుకునే టైమింగ్ గుర్తు అబద్ధం చెబుతుంది. హబ్ మీదా రింగు మీదా కలిపి ఒక గీత పెయింటుతో గీసి, కొన్నాళ్లకు ఆ గీత తెగిందేమో చూస్తే జారుడు బయటపడుతుంది. క్యామ్, గాలి లోపలికి తెచ్చే ఇన్‌టేక్ వరకే మార్చి, నిమిషానికి 6,000 చుట్లు దాటని ఇంజన్‌కు ఈ రకంలోనే కొత్తది, మంచి తయారీది చాలు. అంతకుమించి పెట్టిన డబ్బు ఆ ఇంజన్‌కు కనబడదు.

దీనికి మెరుగైన రూపం పందేల కోసం చేసే రబ్బరు డ్యాంపర్. ఏటీఐ సంస్థ సూపర్ డ్యాంపర్‌లో అంటించిన పట్టీ ఉండదు. బరువైన జడత్వపు రింగును రబ్బరు ఓ-రింగులు పట్టి ఉంచుతాయి, పైన ఉక్కు లేదా అల్యూమినియం డొల్ల బోల్టులతో బిగుస్తుంది. రబ్బరు గట్టితనాన్ని ఇంజన్‌కు తగ్గట్టు మార్చుకోవచ్చు, పాతబడితే విప్పి కొత్త ఓ-రింగులు వేసుకోవచ్చు. బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్ పెట్టుకుని, ఇంజన్‌ను ఒకే రూపంలో స్థిరపరచుకున్నవారికి నేను దీన్నే చెబుతాను.

ఫ్లూయిడ్యాంపర్ లాంటి సిలికాన్ రకంలో రబ్బరు పనే లేదు. మూసేసిన డొల్లలో బరువైన రింగు చిక్కని సిలికాన్ ద్రవంలో తేలుతుంది. షాఫ్ట్ మెలి తిరిగినప్పుడు డొల్లకూ రింగుకూ మధ్య ద్రవం ఒరిపిడికి గురై కంపనాన్ని మింగేస్తుంది. ఏ ఒక్క కంపనానికో కట్టుబడదు కాబట్టి ఈ ఏడు క్యామ్, వచ్చే ఏడు టర్బో అనుకునేవారికి మళ్లీ లెక్క చూసుకునే అవసరం ఉండదు. లోపాలూ ఉన్నాయి: ఇంట్లో విప్పి బాగుచేసుకునేది కాదు, డొల్ల సొట్టపోతే లోపలి రింగు పట్టేస్తుంది, ఇక పారేయడమే. అయినా రోజూ రోడ్డు మీద తిరుగుతూ అప్పుడప్పుడు డ్రాగ్ స్ట్రిప్‌కు వెళ్లే 347కు నా ఎంపిక ఇదే. అలాంటి ఇంజన్ ఎన్నడూ ఒకచోట ఆగదు, ఏటా ఏదో మారుతూనే ఉంటుంది.

కంపనాన్ని అణచే ఏర్పాటే లేని తేలికపాటి అల్యూమినియం పుల్లీ పెడితే ఇంజన్ చురుగ్గా లేస్తుందని చెప్పేవారున్నారు. లేస్తుంది కూడా. కానీ 302 లాంటి వీ8కు దాన్ని నేను ఎవరికీ చెప్పను.

పందెం ఆలోచన ఉంటే పందెం భాగాల భద్రతా ప్రమాణాలు పెట్టే ఎస్ఎఫ్ఐ సంస్థ 18.1 ముద్ర ఉన్నదే కొనండి. పావు మైలును 10.99 సెకన్లలో లేదా అంతకన్నా తక్కువలో ముగించే కార్లకు అమెరికా డ్రాగ్ పందేల సంఘం ఎన్‌హెచ్ఆర్ఏ దాన్ని తప్పనిసరి చేసింది. వేగంగా తిరిగే రింగు పగిలి కాళ్ల మీదికి రాకూడదన్న ఉద్దేశంతో పెట్టిన నిబంధన అది.

బిగించేటప్పుడు ఏ రకాన్నీ సుత్తితో కొట్టకండి. ఆ దెబ్బ క్రాంక్ ముందువెనుకలకు జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్‌కు తగులుతుంది, సిలికాన్ డొల్లనూ పాడుచేస్తుంది. మరపట్టే ఇన్‌స్టాలర్‌తో నెమ్మదిగా లాగి, బోల్టును 70 నుంచి 90 ఫుట్-పౌండ్ల మధ్య బిగించాలి. పాత హబ్ మీద ఆయిల్ సీలు ఒరిసి చేసిన గాడి కనిపిస్తే కొత్త సీలు కూడా తప్పదు. చివరగా పిస్టన్‌ను అడ్డుకునే పిస్టన్ స్టాప్ పరికరంతో అసలు టాప్ డెడ్ సెంటర్ (పిస్టన్ పైకొస చేరే చోటు) ఎక్కడో చూసి, కొత్త బ్యాలన్సర్ మీది సున్నా గీత దానితో కలిసిందని రూఢి చేసుకున్నాకే ఇగ్నిషన్ టైమింగ్ పెట్టండి.