మా ఊరి నాటకాల హాలు: 12 ఏళ్ల వాడకం తర్వాత

హాలు పేరు రాయను గానీ విజయనగరంలో ముఖానికి రంగేసుకున్నవాళ్లకి చదువుతుంటేనే తెలిసిపోతుంది. ఇక్కడ ప్రాంప్టింగుతో మొదలుపెట్టి, చిన్నా చితకా వేషాలు వేసి, ఇప్పుడు దర్శకత్వం వెలగబెడుతున్నాను.

ఈ హాలుని నేను వదలకపోవడానికి కారణం వేదిక కాదు, దాని వెనకున్న రిహార్సల్ గది. ఒక్క ఫ్యాను, పగిలిన అద్దం, మూల ఒక హార్మోనియం. మా ట్రూపులో సగం మంది బట్టల కొట్లలో పనిచేసేవాళ్లే, రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్లు దించి, ఇంత ఉప్మా తిని వస్తారు, అప్పుడు కూడా గది తాళం తీసిచ్చే చోటు ఊళ్లో ఇదొక్కటే. నాటక పరిషత్తు పోటీల ముందు నెలంతా ఇక్కడే ఉంటాం, అద్దె అడగరు, కరెంటుకి ఎంతో కొంత ఇస్తాం. కొత్త ఏసీ హాళ్లన్నీ పెళ్లిళ్ల కోసం కట్టినవి, అక్కడ నాటకం అంటే ముహూర్తాలు లేని రోజున రమ్మంటారు.

పాత చెక్క వేదిక ఉన్నప్పుడు సౌండు గురించి ఆలోచించే పనే లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్లాక ఊళ్లో కరెంటు లేదు, ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని రిహార్సల్ చేస్తుంటే మా హరిశ్చంద్రుడు ఎత్తుకున్న పద్యం గేటు దగ్గర టీ తాగుతున్న నాకు మాట మాటా వినిపించింది.

తర్వాత బాగుచేశారు. అదే ఖర్మ! చెక్క తీసేసి నున్నటి గ్రానైట్ పరిచారు. చూడ్డానికి బ్యాంకులా ఉంది, మాట్లాడితే గొంతు గంగాళంలో మోగినట్టుంది. తప్పెటగుళ్లనే మన జానపద ఆట ఆడేవాళ్లు ఒకసారి వచ్చారు, ఎదురురొమ్మున తప్పెట, కాళ్లకి గజ్జెలు, గెంతుతూ పాడాలి కదా, చెమట కారి పడేసరికి బండ మీద కాలు నిలవదు. "ఏటి బాబూ, ఇది స్టేజీయా, అద్దమా?" అన్నాడు పెద్దాయన. మనిషి మీద మనిషి ఎక్కి నిలబడే ఘట్టం వదిలేసి ముగించారు. జనం చప్పట్లు కొట్టారు గానీ ఆయన మొహం చూడలేకపోయాను.

ఇక 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడిన ఊరు మనదని ప్రతి సన్మాన సభలోనూ చెప్తారు, ఆడవాళ్ల మేకప్ గది తలుపుకి మాత్రం ఇప్పటికీ గడియ లేదు, ఎవరో ఒకరు బయట కాపలా ఉండాల్సిందే. బాత్రూముల సంగతి అడక్కండి.

పైడితల్లమ్మ సిరిమాను పండగ వారంలో బుకింగ్ పెట్టుకోవద్దు, సామాను బండి లోపలికి రాదు. వేదిక మీద పరుచుకోవడానికి మందపాటి తివాచీ మీరే తెచ్చుకోండి. రాత్రి రిహార్సల్ ఉంటే వాచ్‌మన్‌కి పగలే చెప్పి పెట్టండి, తొమ్మిది దాటితే ఫోను ఎత్తడు.