‘బ్యాలెరినా’: పగ కన్నా పోరు మిన్న

తండ్రిని చంపినవారిని వెతుక్కుంటూ కూతురు బయలుదేరడం తెలుగు ప్రేక్షకులకు కొత్త కథ కాదు. విజయశాంతి తెర మీద విలన్ల భరతం పట్టిన రోజుల నుంచీ ఆడపిల్ల పగను ఈలలతో ఆదరించిన ఊరు విశాఖపట్నం. అందుచేత కియాను రీవ్స్ కిరాయి హంతకుడిగా నటించిన జాన్ విక్ చిత్రాల ప్రపంచంలో నుంచి విడిగా పుట్టి 2025 జూన్‌లో విడుదలైన ‘బ్యాలెరినా’, కథ విషయంలో మనకు చెప్పగలిగింది చాలా తక్కువ. పగ ఎందుకో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది, చివరికి ఏమవుతుందో ఊహించడమూ కష్టం కాదు. అయినా జగదాంబ కూడలి చుట్టుపక్కల హాళ్లలో ఇంగ్లిష్ పోరాట చిత్రాలు చూసి పెరిగిన వారెవరికైనా ఈ చిత్రాన్ని నేను సిఫారసు చేస్తాను. పగను మనసుకు ఎక్కించడంలో తడబడినా, పోరును కంటికి చూపించడంలో ఇది ఆ శ్రేణి పరువు నిలబెట్టింది.

ఈవ్ మకారో చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక రహస్య ముఠా ఆమె తండ్రిని పొట్టన పెట్టుకుంటుంది. హంతకులు బసచేసే కాంటినెంటల్ హోటల్ యజమాని విన్‌స్టన్ ఆ పిల్లను రుస్కా రోమా అనే సంస్థకు అప్పగిస్తాడు. పైకి అది బ్యాలే అనే పాశ్చాత్య నాట్యం నేర్పే పాఠశాల, లోపల హంతకులను తయారుచేసే కర్మాగారం. అక్కడ పెరిగి పెద్దదైన ఈవ్‌కు, తన తండ్రిని చంపినవారి మణికట్టు మీద ఉన్న గుర్తు మరో శత్రువు చేతి మీద కనిపించడంతో అసలు కథ కదులుతుంది. ఆ ముఠా జోలికి వెళ్లవద్దని సంస్థ అధిపతి ఆజ్ఞాపించినా వినకుండా, ఆమె ముందు ప్రాగ్‌కు, అక్కడి నుంచి ఆస్ట్రియాలోని మంచు పల్లె హాల్‌స్టాట్‌కు చేరుకుంటుంది. ఇది ఆ శ్రేణిలోని మూడవ, నాలుగవ భాగాలకు నడుమ జరిగే కథ. పాత చిత్రాలు చూడనివారికి పెద్ద ఇబ్బంది లేదు గాని, 2019లో వచ్చిన మూడవ భాగం ఒక్కటి ముందు చూసి వెళితే, నాటకశాలలో జాన్ విక్, అధిపతి ఎదురుపడే సన్నివేశం ఇక్కడ మరో వైపు నుంచి ఎందుకు కనిపిస్తున్నదో వెంటనే బోధపడుతుంది.

చిత్రంలోని మంచి ఆలోచన అంతా శిక్షణ ఘట్టంలో ఉంది. తనకన్నా ఎంతో బరువైన మగవాడి చేతిలో పదే పదే నేలకరుస్తున్న ఈవ్‌తో గురువు నోగి చెప్పే మాటల సారాంశం ఇది: నీ ఎదుటివాడు ఎప్పుడూ నీకన్నా పెద్దగా, బలంగానే ఉంటాడు కనుక వాడి పద్ధతిలో పోరాడితే నీకు ఓటమి తప్పదు, పోరాటపు షరతులే మార్చు, అవసరమైతే మోసం చెయ్యి. సన్నగా ఉన్న కథానాయిక పదిమంది వస్తాదులను ఒంటిచేత్తో గాలిలోకి ఎగరగొడుతుంటే నమ్మలేక నవ్వుకునే అవస్థ మనకు పరిచితమే. ఇక్కడ ఆ అవస్థ లేదు. ఈవ్ దెబ్బలు తింటుంది, కింద పడుతుంది, ఆయాసపడుతుంది, చేతికి ఏది దొరికితే దానిని ఆయుధం చేసుకుంటుంది. గెలిచిన ప్రతిసారీ బలంతో కాక తెలివితో గెలుస్తుంది.

దీనికి చక్కని ఉదాహరణ ప్రాగ్‌లోని ఆయుధాల దుకాణంలో జరిగే పోరాటం. ఇరుకు గదుల్లో ఆమెకు ప్రధాన ఆధారం చేతి బాంబులే. అంత దగ్గరలో బాంబు విసిరితే విసిరినవారికీ చావు తప్పదు కాబట్టి, చేతికందిన గట్టి వస్తువునల్లా డాలుగా మార్చుకుంటూ, పేలుడుకు ముందు దొరికే రెండు మూడు క్షణాలను లెక్కపెట్టుకుంటూ ఆమె కదిలే తీరులో భయమూ హాస్యమూ కలిసిపోయాయి. హాల్‌స్టాట్ భోజనశాలలో గుట్టలుగా పేర్చిన పళ్ళేలు ఒకరి తల మీద ఒకరు పగలగొట్టుకునే దృశ్యం పాత మూకీ హాస్యచిత్రాలను తలపిస్తుంది. మంచు మీద జారే బూట్ల పదును అంచులు ఆయుధాలైన చోట మాత్రం నేను కళ్లు మూసుకున్నాను. ఇవన్నీ ఒక ఎత్తు, చివర వచ్చే అగ్నిజ్వాలల ద్వంద్వ యుద్ధం ఒక ఎత్తు. మంటలు చిమ్మే యంత్రాలతో ఇద్దరు తలపడటం, ఒకరి నిప్పుధార మరొకరి నిప్పుధారను ఢీకొనడం, ఆ తరువాత మంటకు నీటి గొట్టం జవాబు చెప్పడం చూస్తుంటే, పోరాటాన్ని కల్పన చేయడంలో ఇంకా కొత్తదనానికి చోటుందని ఒప్పుకోక తప్పదు. బయట జూన్ ఉక్కపోతకు చెమటలు కక్కి హాలులోకి వచ్చిన విశాఖ ప్రేక్షకుడికి ఆ మంచు పల్లె ఇచ్చిన చల్లదనం కూడా అక్కడితో ఆవిరైపోతుంది.

దర్శకుడు లెన్ వైజ్‌మన్‌కు కథానాయికతో పోరాట చిత్రం తీయడం కొత్త కాదు. 2003 నాటి ‘అండర్‌వరల్డ్’ ఆయనదే. అయితే ఇక్కడ కనిపించే పోరాట శైలి మీద అసలు శ్రేణి దర్శకుడు, ఈ చిత్రానికి నిర్మాతల్లో ఒకరైన చాడ్ స్టహెల్స్కీ ముద్ర బలంగా ఉంది. ఒకప్పుడు కియాను రీవ్స్‌కు బదులుగా ప్రమాదకర దృశ్యాల్లో నటించిన మనిషి ఆయన. కెమెరాను దూరంగా నిలిపి, దృశ్యాన్ని ముక్కలు చేయకుండా, ఎవరు ఎవరిని ఎక్కడ కొట్టారో స్పష్టంగా చూపించే ఆ పద్ధతిని, నిమిషానికి ముప్పై కోతలతో పోరాటాలు కుట్టే మన కూర్పరులు ఒకసారి శ్రద్ధగా గమనిస్తే బాగుంటుంది.

ఇక లోపాల్లో మొదటిది పేరులోనే ఉంది. బ్యాలే నర్తకి అన్న పేరు పెట్టి, రక్తం కారే కాలివేళ్లతో సాధన చేయించి, ఆ నాట్యాన్ని శిక్షణ ముగియగానే దాదాపుగా వదిలేశారు. విశాఖలోని కళాభారతి వేదిక మీద పళ్ళెం అంచున నిలిచి కూచిపూడి తరంగం ఆడే నర్తకిని చూసిన కంటికి, సమతూకం అనేది ఎంతటి శక్తో వేరే చెప్పనక్కర్లేదు. ఆ శక్తి ఈవ్ పోరాటంలో ఎక్కడ ఎలా పనికొస్తుందోనని ఎదురుచూస్తాం. అది రానే రాదు. మూడవ భాగంలో కొద్దిసేపే కనిపించినా, న్యూయార్క్ సిటీ బ్యాలేకు చెందిన అసలైన నర్తకి యూనిటీ ఫెలన్ చేత అధిపతి మళ్లీ మళ్లీ నాట్యం చేయించే దృశ్యంలో ఉన్న క్రూరత్వం, ఈ పూర్తి నిడివి చిత్రంలో ఎక్కడా కనిపించలేదు.

రెండవ లోపం విలన్. గేబ్రియల్ బర్న్ వంటి నటుడిని ముఠా నాయకుడు చాన్సెలర్ పాత్రలో పెట్టుకుని, గంభీరమైన మాటలు తప్ప ఆయనకు చేయడానికి పని ఇవ్వలేదు. హాల్‌స్టాట్ ఊరంతా, పిల్లాపాపలతో సహా, ముఠా సభ్యులే అన్న ఊహ మాత్రం గొప్పది. ఆ పల్లెలో వారు ఎలా బతుకుతారు, పిల్లలకు ఏం నేర్పుతారు అన్నది చూపించి ఉంటే ఈవ్ బాల్యానికి అది అద్దమై నిలిచేది. చిత్రం ఆ దారిన రెండడుగులు వేసి, తుపాకీ మోత వినపడగానే వెనక్కి తిరిగింది. కథను కుదిపివేయాల్సిన ఒక రక్తసంబంధపు రహస్యం కూడా ఇలాగే, బయటపడిన కాసేపటికే ముగిసిపోతుంది. పగ మనసుకు ఎక్కకపోవడానికి కారణం ఇదే.

ఈవ్‌గా ఆనా దె ఆర్మాస్ మాత్రం లోటు చేయలేదు. మాటలు తక్కువైన పాత్రలో అలసటనూ మొండితనాన్నీ శరీరంతోనే పలికించింది. 2023 మార్చిలో కన్నుమూసిన లాన్స్ రెడిక్‌ను హోటల్ ఉద్యోగి కేరన్‌గా మరొక్కసారి చూడటం అభిమానులకు బరువైన క్షణమే. కియాను రీవ్స్ కనిపించగానే హాలులో లేచిన ఈలలను తప్పుపట్టలేను గాని, ఆ ఈలలే చిత్రానికి చేటు చేశాయనిపించింది. ఈవ్ కథ ఆమె చేతిలో నిలబడుతున్న వేళ, ఆమెను అడ్డుకోవడానికి వచ్చిన జాన్ విక్ చివరికి దూరం నుంచి తుపాకీతో సాయం చేయడం, ఆమె సామర్థ్యానికి ఒక పెద్దమనిషి హామీ సంతకం పెట్టినట్లయింది. ఆమెకు ఆ సంతకం అవసరం లేదు.

రెండు గంటలు దాటే ఈ చిత్రం పిల్లలతో కలిసి చూడదగినది కాదు. రక్తపాతం దండిగా ఉంది. చిన్న తెర మీద చూసేవారు కనీసం శబ్దం మీద రాజీ పడవద్దు, ఎందుకంటే చేతి బాంబుల ఘట్టం సగం చెవులతోనే చూడాలి.